గాలి బొమ్మ

ఇంజనీరింగ్ కాలేజీ అంటే ఇంజన్లు ఉండే చోటని నమ్మి చేరిన అమాయకురాలిని నేను. మా కాలేజీలో నడిచే ఇంజను ఒక్కటే ఉండేది, అది ప్రిన్సిపాల్ గారి కారులో. ల్యాబ్‌లో ఉన్నదానికి ఏటేటా దసరాకి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయలు కట్టేవారు. తిప్పనిచ్చేవారు కాదు. ముట్టుకుంటే పాడవుతుందట. నాలుగేళ్ళు దాని చుట్టూ ప్రదక్షిణం చేసి, దాని బొమ్మ రికార్డులో గీసి, మార్కులు వేయించుకున్నాం.

కాలేజీ పేరు చెప్పను. ఆ రోజుల్లో మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరి పొలం కొని, నాలుగంతస్తులు లేపి, గేటు పక్కన వినాయకుణ్ణి కూర్చోబెట్టిన ప్రతి చోటూ ఇంజనీరింగ్ కాలేజీయే. వాటిలో ఒకటనుకోండి. ఒక్కదాని పేరు చెబితే మిగతావాటికి అన్యాయం చేసినట్టవుతుంది.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. నాన్న వరి పండిస్తాడు, వరి కోశాక ఆ చేలోనే మినుములు చల్లుతాడు. నేను మెకానికల్‌లో చేరానని తెలియగానే ఊరందరికీ నా మీద జాలి పుట్టుకొచ్చింది. మా మేనత్త అయితే ఇంటికొచ్చి మరీ నాన్నని నిలదీసింది. "ఆడపిల్లకి మెకానికలేటిరా? రేపు లారీ కింద పడుకుని గ్రీజు పెడతాదా?" అంది.

"పెడితే పెట్టనీ," అన్నాడు నాన్న. "మన ఇంజను బాగుసేస్తానని వచ్చినోళ్ళందరూ మీసాలున్నోళ్ళే. ఒక్కడన్నా సరిగ్గా సేసేడేటి?"

ఆయన అంతే. మెకానిక్కులు, కరెంటాఫీసువాళ్ళు, ఎరువుల కొట్టువాళ్ళు, ఎవరైనా సరే, వాళ్ళు వీధి మలుపు తిరిగేలోపే వాళ్ళ నడకని అనుకరించి చూపించేవాడు. నా నోటి దురుసుతనమంతా ఆయనదే. నేనన్నా వెనకాల అంటాను, ఆయన మొహం మీదే అనేవాడు. అందుకే మా ఊళ్ళో ఆయనకి స్నేహితులు తక్కువ, గౌరవం ఎక్కువ.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు వచ్చింది. మా కాలేజీలో ప్రాజెక్టంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెప్పాలి. నలుగురు కలిస్తే ఒక బ్యాచ్. విశాఖపట్నంలో ప్రాజెక్టులు అమ్మే కొట్లు ఉంటాయి. బట్టల కొట్టులో చీరలు పరిచినట్టు అక్కడ టైటిళ్ళు పరుస్తారు. నచ్చింది చెబితే సీడీ, బైండు చేసిన పుస్తకం, అడగబోయే ప్రశ్నలు, వాటి జవాబులు అన్నీ కట్టి ఇచ్చేస్తారు. నిరుడు సీనియర్లు తెచ్చిందే ఈ ఏడు అట్ట రంగు మార్చి జూనియర్లు తెస్తారు. గైడు లోపల చూడకుండా సంతకం పెడతాడు. పరీక్ష రోజున యూనివర్సిటీ నుంచి ఎగ్జామినర్ వస్తాడు, ఆయనకి విద్యార్థులు భోజనం పెడతారు. కూర ఎలా కుదిరిందన్నదాన్ని బట్టి మార్కులు. అందుకని సముద్రం వైపు కుర్రాడు ఎవరైనా బ్యాచ్‌లో ఉంటే ఆ బ్యాచ్‌కి దిగుల్లేదు, వాళ్ళింటి నుంచి చేపల పులుసు వస్తుంది.

మా బ్యాచ్‌లో అలాంటివాడు ఒకడున్నాడు. వాళ్ళ నాన్న వేటకెళ్తాడు, అమ్మ చేపలు అమ్ముతుంది. మిగతా ఇద్దరి గురించి చెప్పడానికి ఏమీ లేదు. ప్రాజెక్టు గురించి చెప్పడానికి ఏమీ లేకుండానే వాళ్ళూ పాసైపోయారు.

"మనం కొనొద్దు, చేద్దాం," అన్నాను వాళ్ళతో.

సముద్రం కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు. "సేసేదేటమ్మా? పులుసు నేను తెస్తాను. నువ్వు గమ్మునుంటే మన పని అయిపోద్ది."

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు కదా. ఉలిపికట్టెని నేనే. దానికో కారణం ఉంది. మా పొలంలో నీళ్ళు తోడే డీజిల్ ఇంజను హెడ్డు ఆ ఏడు పగిలింది. హెడ్డంటే ఇంజను నెత్తి మీద ఉండే ఇనుప దిమ్మ. మెకానిక్కు కొత్తది బిగించి పాతది పశువుల పాక పక్కన పడేసి పోయాడు. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు దాని కన్నంలో వేలు పెట్టి చూశాను. వేలు తిన్నగా పోలేదు. లోపల దారి పక్కకి ఒరిగి, మెలి తిరిగి, కిందికి దిగింది. గాలి ఇంజనులోకి వెళ్ళే దారి అది, దాన్ని పోర్టంటారు. పొగ బయటికి పోయేదానికి ఇంకో పోర్టు ఉంటుంది. ఇంత కష్టపడి దాన్ని వంకరగా ఎందుకు చేశారని క్లాసులో మా హెచ్ఓడీని అడిగాను. మెకానికల్ డిపార్ట్‌మెంటుకి ఆయనే పెద్ద, అందరి ప్రాజెక్టులకీ ఆయనే గైడు.

"అది డిజైనమ్మా," అన్నారాయన.

ఎద్దు ఈనిందంటే దూడని కట్టేయమనే రకం. ఆ రోజే నిశ్చయించుకున్నాను, ఆ వంకర ఏమిటో నేనే గీసి తేల్చుకోవాలని.

పగిలిన హెడ్డుని గోనెసంచిలో వేసి నాన్నే బస్సెక్కించాడు. కాలేజీ వర్క్‌షాపులో రంపం మిషను ఉంది, దానికీ పసుపు రాసి ఉంచారు గానీ అదృష్టవశాత్తూ తిరిగేది. సముద్రం కుర్రాడు పట్టుకుంటే నేను హెడ్డుని సొరకాయ చక్రాల్లా ముక్కలు కోయించాను. ఒక్కో ముక్కలో పోర్టు ఒక్కో ఆకారంలో కనిపిస్తుంది. మొదట గుండ్రంగా, తర్వాత కోడిగుడ్డులా, ఇంకా లోపలికి పోతే ఒక పక్క నొక్కినట్టు. వాటిని గ్రాఫ్ కాగితం మీద పెట్టి గీసుకున్నాను. ఇక్కడొక తిరకాసు ఉంది. రంపం కోసిన ప్రతిచోటా దాని మందాన ఇనుము పొడైపోతుంది. ఆ పొడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మా బ్యాచ్‌లో ఒక మహానుభావుడు ఆ సంగతి వదిలేసి ముక్కల్ని పక్కపక్కన పేర్చి కొలిచి, "మీ నాన్నకి ఎవులో పొట్టి ఇంజను అంటగట్టేసేరు," అని తేల్చాడు. ప్రాజెక్టులో అతని పాత్ర అదే.

గాలీ డీజిలూ కలిసి మండే చోటుని కంబశ్చన్ ఛాంబర్ అంటారు. మా ఇంజనులో అది పిస్టన్ నెత్తిన చిన్న గుంట. హెడ్డుతో పాటు మెకానిక్కు మార్చేసిన పాత పిస్టన్ కూడా గోనెసంచిలో తెచ్చుకున్నాను. ఆ గుంటకి ఆముదం రాసి, కొవ్వొత్తులు కరిగించి పోసి, ఆరాక బోర్లించాను. ఇడ్లీలా ఊడొచ్చింది. ఆ మైనపు ముద్దని కొలిచి గుంట కొలతలు తీశాను.

ఇక కంప్యూటర్ ల్యాబ్. మోడలింగ్ సాఫ్ట్‌వేరు దొంగ కాపీ. తెరవగానే ఇది చట్టవిరుద్ధమని తెర మీద ఒక హెచ్చరిక వచ్చేది. దాన్ని మూసేయడం ఎలాగన్నదే మాకు నేర్పిన మొదటి పాఠం. రెండో పాఠం నట్టూ బోల్టూ గీయడం. మూడోది లేదు. అందుకని పోర్టు గీయడం నాకు నేనే నేర్చుకోవలసి వచ్చింది. మొదట్లో అందరిలాగే నేనూ ఇనుముని గీశాను, కుదరలేదు. కొన్నాళ్ళు కొట్టుకున్నాక తెలిసింది, గీయవలసింది ఇనుముని కాదు, ఇనుము లేని చోటుని. గాలిని ముందు ఒక గట్టి వస్తువులా తయారుచేయాలి. ఒక్కో ముక్క మీది ఆకారాన్నీ దాని దాని దూరంలో నిలబెట్టి, వాటి మీదుగా చర్మం లాగాలి. ఆకారాల మొదళ్ళు, అంటే ఒక్కో గీత మొదలయ్యే చుక్కలు, ఒక వరసలో లేకపోతే అది పిండిన తువ్వాల్లా మెలిపడిపోతుంది. నాకు ఎన్నిసార్లు మెలిపడిందో లెక్కలేదు. చివరికి సరిగ్గా కుదిరాక ఆ గాలి ముద్దని ఇనుప దిమ్మలోంచి తీసేస్తే, అది ఉన్న చోట దారి మిగులుతుంది. అదే పోర్టు.

దారి మిగలడం మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. ఆ వంకర ఎందుకో అప్పుడు అర్థమైంది. గాలి ఆ మలుపులో పక్కకి ఒరిగి, సిలిండరులోకి సుడి తిరుగుతూ దిగుతుంది. సుడి తిరిగితేనే డీజిలుతో బాగా కలుస్తుంది. ఇంతేనా అనిపిస్తుంది, కానీ అంతవరకూ ఎవరూ చెప్పలేదు నాకు.

సముద్రం కుర్రాడు తెర వైపు వంగి చూసి, "ఇదేటి, పెండలం దుంపా?" అన్నాడు. అయినా మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ తర్వాత ఎవరైనా నా కుర్చీలో కూర్చోబోతే వాడే లేపేవాడు.

రివ్యూకి హెచ్ఓడీ వచ్చారు. వాస్తు కోసం తన కుర్చీని తూర్పుకి తిప్పించుకుని, స్టోర్‌రూము తలుపుకి ఆ కుర్చీని అడ్డం వేసిన మనిషి ఆయన. ఆ ఏడంతా పనిముట్లు కావాలంటే కిటికీలోంచి అందుకోవాల్సి వచ్చేది.

"ఇంజను ఎక్కడమ్మా?" అన్నారు.

"ఇది ఇంజనులోకి వెళ్ళే గాలి సార్."

"గాలి ఎక్కడన్నా కనిపిస్తుందా? కనిపించేది గీయాలి. అయినా ఇంత వంకరగా ఉందేం?"

"వంకరగా ఉంటేనే గాలి సుడి తిరుగుతుంది సార్."

"వంకర దారిలో వెళ్ళడం గాలికి కష్టం కదమ్మా. తిన్నగా చెయ్యి. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. కాస్త ఎరుపూ పసుపూ రంగులు కూడా వెయ్యి."

గాలి కష్టసుఖాల గురించి అంత ఆలోచించిన పెద్దమనిషిని అంతకుముందు చూడలేదు. సరే సార్ అన్నాను, ఏమీ మార్చలేదు. తర్వాతి రివ్యూలో ఆయనకి తామేం చెప్పారో గుర్తే లేదు. రంగులు బాగున్నాయన్నారు. నేను రంగులు వేయనే లేదు.

పరీక్ష రోజున వచ్చిన ఎగ్జామినర్ చేపల పులుసు తిని, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ఈయనా అంతే అనుకున్నాను. కానీ తెర మీద బొమ్మ చూసి ఆగాడు. తిప్పి చూపించమన్నాడు. కోసి చూపించమన్నాడు. ముక్కల మధ్య పొడైపోయిన ఇనుముని ఏం చేశావని అడిగాడు. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన. జవాబు చెబుతూ గ్రాఫ్ కాగితాలన్నీ ఆయన ముందు పరిచాను. అంతా విని హెచ్ఓడీ వైపు తిరిగి, "మంచి పని. దీన్ని పరిశోధన పేపరుగా రాసి అచ్చు వేయించండి," అన్నాడు.

"అదే అనుకుంటున్నాం సార్," అన్నారు హెచ్ఓడీ. "ఆ వంకర ఉండాల్సిందేనని మొదట్నుంచీ నేనే చెబుతున్నాను."

నా పక్కన సముద్రం కుర్రాడు దగ్గినట్టు నటించాడు. నవ్వు ఆపుకోవడం వాడికి చాతకాదు.

ఎగ్జామినర్ని కారెక్కించి వచ్చి, హెచ్ఓడీ నా చేతికి పెన్‌డ్రైవ్ ఇచ్చారు. ఫైళ్ళన్నీ వేయమన్నారు. "పేపరు నేను రాస్తాను. నీ పేరే మొదట వేస్తానమ్మా," అన్నారు. నేను నమ్మాను. నాకు ఆ క్షణాన కావలసింది మార్కులు కాదు. ఆ బొమ్మ పక్కన అచ్చులో నా పేరు. మెకానికల్ ఏటని అడిగిన ప్రతివాళ్ళకీ తీసి చూపించడానికి ఒక కాగితం. అంతకంటే ఎక్కువ ఆశ పడలేదు నేను, అంతకంటే తక్కువకి ఒప్పుకునేదాన్నీ కాదు.

పాసై ఇంటికొచ్చాను. ఉద్యోగాలకి దరఖాస్తులు పెడుతూ, పేపరు కోసం ఎదురుచూస్తూ ఉన్నాను. ఒక ఉదయం నాన్న టీ కొట్టు నుంచి దినపత్రిక జిల్లా పేజీ చేత్తో పట్టుకుని వచ్చాడు.

"మీ సారేనా ఈడు? పేపర్లో పడ్డాడు సూడు."

ఇంధనం ఆదా చేసే ఇంజను కనిపెట్టిన ప్రొఫెసర్, అని పెద్ద అక్షరాలు. హెచ్ఓడీ లాప్‌టాప్ పట్టుకుని నవ్వుతున్నారు. తెర మీద నా గాలి బొమ్మ తలకిందులుగా ఉంది. ఏది పైనో ఏది కిందో తెలియని మనిషి దాన్ని కనిపెట్టాడట.

నెట్లో వెతికితే అసలు పేపరు దొరికింది. అంతర్జాతీయ పత్రిక అని దాని పేరులోనే ఉంది. ఆ సంచికలోనే ఇంజన్లూ, ఆయుర్వేదమూ, బ్యాంకు లెక్కలూ కలిసిమెలిసి ఉన్నాయి. మొదటి పేరు హెచ్ఓడీది. రెండోది ప్రిన్సిపాల్‌ది. మూడోది హెచ్ఓడీ గారి భార్యది, ఆవిడ వేరే కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. ఆ పేపరులోని ఇంగ్లీషు చూస్తే ఆవిడ కూడా ఏమీ చేయలేదని తెలిసిపోతుంది. నా పేరు లేదు. చివర్న కృతజ్ఞతల్లో కూడా లేదు. అక్కడ కాలేజీ యాజమాన్యం పేరుంది. సొమ్మొకడిది, సోకొకడిది.

ఏడుపు రాలేదు నాకు. ఒళ్ళంతా మంట పుట్టింది. మర్నాడే బస్సెక్కి కాలేజీకి వెళ్ళాను.

"నా పేరు మొదట వేస్తానన్నారు సార్," అన్నాను.

"విద్యార్థి చేసిందంతా గైడుదే కదమ్మా. చెట్టు మనదైతే కాయ ఎవరిది?" అన్నారాయన, చాలా శాంతంగా. "నాకు ప్రమోషనుకి కావాలి. నీకెందుకు? రేపు పెళ్ళయితే పేపరు పెట్టుకుని ఏం చేస్తావు, పోపు వేస్తావా?"

"గీసింది నేను. మీరు దాన్ని తిన్నగా చేయమన్నారు."

అప్పటిదాకా పుస్తకాల భాష మాట్లాడుతున్న మనిషికి సొంత భాష బయటపడింది. "ఏటమ్మా, నోరు లెగుస్తన్నాది? ఎవులి ముందు మాటాడుతన్నావో తెలుస్తన్నాదా?" వెంటనే సర్దుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, నవ్వారు. "అన్నట్టు మీ చెల్లెలు మన బ్రాంచే కదూ? సెకండియర్ అనుకుంటాను. బాగా చదువుతోందా?"

నా చెల్లెలు నన్ను చూసే మెకానికల్‌లో చేరింది. నాకు వచ్చిన మార్కులన్నీ ఎవరి చేతి మీదుగా వచ్చాయో, దానికి రావలసినవీ ఆ చేతి మీదుగానే రావాలి. ల్యాబ్ మార్కులు, రివ్యూ మార్కులు, హాజరు, ప్రాజెక్టు అన్నీ. ఆయన ఇంకేమీ అనలేదు. అనాల్సిన అవసరం లేదు. బాగానే చదువుతోంది సార్ అని చెప్పి వచ్చేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత విశాఖపట్నంలో వాహనాల భాగాలకి డిజైన్లు గీసే ఒక చిన్న ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అక్కడి మేనేజరు ఫోన్ చూసుకుంటూనే నాతో మాట్లాడాడు. నా ఫైల్ తెరిచి చూపించాను. ఆయన మా కాలేజీ పేరు కొట్టి ఏదో వెతికి, తెర నా వైపు తిప్పాడు. అదే పేపరు.

"ఇది మీ సార్ పని కదా. ఇందులో మీ పేరు లేదే?"

"పేర్లు వాళ్ళవి. పని నాది."

"వచ్చిన ప్రతివాళ్ళూ ఇదే చెబుతారు," అని మోటార్‌సైకిల్ హెడ్డు కొలతలున్న కాగితం ఒకటి నా ముందు పడేశాడు. "దీని పోర్టు చేసి చూపించండి."

ఖాళీ ఫైల్ తెరిచి గాలితో మొదలుపెట్టాను. ఒక్కో ఆకారం నిలబెట్టి, మొదళ్ళు కలిపి, చర్మం లాగాను. మధ్యలో ఎప్పుడో ఆయన ఫోన్ పక్కన పెట్టి నా వెనక నిలబడ్డాడు. గాలి ముద్దని దిమ్మలోంచి తీసేశాక, "మీ సార్‌ని పిలిపిస్తే ఇది చేస్తాడా?" అని అడిగాడు.

"ఫైల్ తెరవాలంటేనే ఎవరో ఒకర్ని పిలుస్తారు సార్," అన్నాను.

ఉద్యోగం వచ్చింది. పేరు పోతే పోయింది, పని నా చేతుల్లోనే ఉందని కాస్త ధైర్యం కూడా వచ్చింది.

ఈ వార్త కాలేజీకి ఎలా చేరిందో, వారం తిరక్కుండా నరసన్నపేట జంక్షన్లో ఫ్లెక్సీ లేచింది. మా విద్యార్థినికి అభినందనలు అని. నా ఫొటో ఆధార్ కార్డు సైజులో ఉంది. హెచ్ఓడీ గారిది ఎన్నికల్లో నిలబడినవాళ్ళ సైజులో ఉంది. అడ్మిషన్ల ఫోన్ నంబరు ఆయన గడ్డం కింద ఉంది.

నాన్న ఆ ఫ్లెక్సీ కింద చాలాసేపు నిలబడ్డాడట. మా వైపు పిల్లలకి ఉద్యోగం వస్తే చదువు చెప్పిన మేష్టారికి శాలువా కప్పి, పళ్ళు చేతిలో పెట్టి దణ్ణం పెట్టించడం ఆనవాయితీ. నాన్న నరసన్నపేటలో బట్టల కొట్లన్నీ తిరిగి, ప్రతి కొట్టులోనూ శాలువాకి వంకలు పెట్టి, చివరికొకటి తెచ్చి మంచం మీద పరిచాడు.

"రేపు ఎల్లి మీ సారుకి కప్పొద్దాం," అన్నాడు.

అప్పుడు చెప్పేశాను. పెన్‌డ్రైవు, పేపరు, ఆయన భార్య పేరు, చెట్టూ కాయా, చెల్లెలి సంగతి అన్నీ. నాన్న లేచి ఎవర్నో కొట్టడానికి బయల్దేరతాడనుకున్నాను. కనీసం తిడతాడనుకున్నాను. ఆయన శాలువా మడత పెట్టడం మొదలుపెట్టాడు.

"ఈ సంగతి సిన్నదానికి తెలుసా?"

"తెలీదు."

"తెలీనీకు. రేపు పెందలాడే లెగు."

"నేను రాను," అన్నాను. "దొంగకి శాలువా ఏంటి నాన్నా?"

"నీ పని అయిపోనాది. దానికింకా రెండేళ్ళున్నాది, ఆడి సేతిలోనే. నువ్వెల్లి గొడవాడొచ్చేవు. ఆడు మర్సిపోతాడేటి? నేనొక్కడ్నే ఎల్తే నమ్మడు. నువ్వూ రావాల."

వెళ్ళాం. హెచ్ఓడీ తూర్పు ముఖంగా కూర్చుని ఉన్నారు. నాన్న చెప్పులు గది బయట విడిచాడు. ఆ చెప్పులు గుడి దగ్గర తప్ప ఎక్కడా విడవగా చూడలేదు నేను. శాలువా ఒక కొస ఆయన పట్టుకున్నాడు, రెండోది నాకిచ్చాడు. ఇద్దరం కలిసి ఆ భుజాల మీద కప్పాం. నా చేతులు ఆ మనిషికి తగలకుండా జాగ్రత్తపడ్డాను.

నాన్న చేతులు జోడించాడు. "అంతా మీ దయ బాబూ. మా పిల్లకి ఏటీ తెల్దు. మీరే దగ్గరుండి నేర్పేరు. సిన్నదాన్ని కూడా మీ సేతుల్లో ఎట్టేసేను."

"అయ్యో, అదేముందండీ," అన్నారు హెచ్ఓడీ, శాలువా సర్దుకుంటూ. "పెద్దమ్మాయి తెలివైందే గానీ కాస్త నోరెక్కువ. ఆ పోర్టు విషయంలో నేను చాలా దిద్దాల్సి వచ్చింది."

"దిద్దాల బాబూ. దిద్దకపోతే ఎలగ," అన్నాడు నాన్న.

ప్యూన్ ఫొటో తీశాడు. టీ తెప్పించారు. నాన్న తాగాడు. గేటు బయటికొచ్చాక కుళాయి దగ్గర ఆగి, నోరు పుక్కిలించి ఉమ్మాడు. మళ్ళీ పుక్కిలించాడు. టీలో పంచదార ఎక్కువేసేరని నాతో అన్నాడు. ఇంటికి చేరేదాకా ఆ ఒక్క మాటే.

చెల్లెలి చదువు అయ్యేదాకా ఆ మనిషి గురించి నన్ను ఒక్క మాట అననివ్వలేదు. విశాఖపట్నం నుంచి ఫోన్ చేసి ఎప్పుడైనా ఎత్తబోతే, ఊరుకో అని వేరే సంగతిలోకి పోయేవాడు. కరెంటాఫీసువాళ్ళని తిట్టేవాడు, ఎరువుల కొట్టుని తిట్టేవాడు, మా హెచ్ఓడీ మాట మాత్రం రానిచ్చేవాడు కాదు. ఫోన్లో మాటలు కాలేజీకి ఎలా వినిపిస్తాయి నాన్నా అని నవ్వితే కూడా ఊరుకో అనేవాడు. నాకు ఆయన మీద కోపం వచ్చేది. అంత నోరున్న మనిషి ఇలా అయిపోయాడేమిటని లోపల్లోపల చిన్నచూపు కూడా కలిగేది. ఆయన భయపడ్డాడనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఆయనే ఫోన్ చేశాడు.

"సిన్నది పాసైపోనాది. కాయితాలన్నీ సేతికొచ్చేసేయి. కాలేజీతో ఇంక మనకి పన్లేదు. ఇంక ఆడ్ని నీకెంత తోస్తే అంత తిట్టు."

ఫోన్ పట్టుకుని బయట మెట్ల మీదికి వచ్చాను. ఇన్నాళ్ళూ దాచుకున్నది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. "ముందు నువ్వు తిట్టు నాన్నా," అన్నాను.

ఆయన మొదలుపెట్టాడు. హెచ్ఓడీ కుర్చీని తిట్టాడు, కళ్ళద్దాల్ని తిట్టాడు, ఫ్లెక్సీలో ఆయన గడ్డాన్ని తిట్టాడు. ఆఫీసు మెట్ల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాను. పేపరు దొంగతనం దగ్గరికి వస్తాడని చూశాను. దాని జోలికే పోలేదు. ఉన్నట్టుండి ఆ గొంతు మారిపోయింది.

"మా పిల్లకి ఏటీ తెల్దని నా నోటితోటే అనిపించేడే ఆడు," అన్నాడు నాన్న.